పన్నెండు ఇళ్ల మెప్పు

సిద్దిపేటలో ఎం.ఏ. తెలుగు చదివిన నేను యాప్‌ల కంపెనీలో పనిచేస్తున్నానంటే మా బంధువులు ఇప్పటికీ నమ్మరు. తెరమీద ఏ మాట ఉండాలో, ఏది నొక్కితే ఏది రావాలో చూడటం నా పని.

వరికోత మిషన్ బుక్ చేసుకునే యాప్ తయారయ్యాక, రైతులతో వాడించి చూద్దామని మా మేనమామ ఊరు కోహెడ వెళ్లాను. పన్నెండు ఇళ్లలో చాయ్ పోశారు. "మా బిడ్డ చేసింది, మంచిగున్నది" అని అందరూ అదే మాట. మురిసిపోతూ రాసుకొచ్చాను.

కోతలు మొదలయ్యాయి. కోహెడ నుంచి ఒక్క బుకింగూ లేదు! మేనేజర్ నన్ను వెంటబెట్టుకుని మళ్లీ అక్కడికే వెళ్లారు. అందరికన్నా ఎక్కువ మెచ్చుకున్న లక్ష్మి పెద్దమ్మ, ఏం నొక్కాలో తెలియక ఫోన్‌ను అటూ ఇటూ తిప్పుతూనే "మంచిగున్నది సారూ" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. విసుగొచ్చి, "ఇది నాది కాదు పెద్దమ్మా! నాది తీసేసి పట్నపోళ్లు వేరేది పెట్టిన్రు" అని అబద్ధమాడాను.

అంతే, అందుకుంది. "గట్ల జెప్పు బిడ్డా! పొలం కాడ నిలవడి మిషన్ కావాలంటే సర్వే నంబర్ అడుగుతది. భూమి పాసుబుక్కు నడుముకు కట్టుకొని తిరుగుతమా? చేసినోనికి సదువు రాదా? నీది ఎంత మంచిగుండె!"

మేనేజర్ నావైపు చూశారు. నేను తలెత్తకుండా అన్నీ రాసుకున్నాను.

అవన్నీ సరిచేశాక పెద్దమ్మ ఫోన్ చేసింది. "మళ్ల నీదే పెట్టిన్రా బిడ్డా? ఇప్పుడు మంచిగున్నది."

అది నిజమో, మర్యాదో తెలియక ఇప్పటికీ జుట్టు పీక్కుంటున్నాను.