జపాన్ చూసొచ్చిన నా జాకెట్

ముందే ఒప్పేసుకుంటే తర్వాత గొడవుండదు. నేను పెంచి చెప్తాను. ఇది మా వంశంలోనే ఉంది. మలయ్ దేశంలోని హుటాన్ మెలింటాంగ్ రేవులో చేపల పడవ మీద పనిచేసిన మా మావ (అమ్మకి అన్న) వలలో పడ్డ రొయ్యని ఒడ్డుకి తెచ్చేసరికి పీతని చేసేవాడు, వీధి మలుపు తిరిగేసరికి అది మొసలయ్యేది, కంచంలోకి వచ్చేసరికి పాపం మళ్ళీ రొయ్యే. కాబట్టి ఇందులో కొండ ఎత్తు, జలగల పొడవు, నా తెలివితేటలు మీకు తోచినంత తగ్గించుకుని చదవండి. ఒక్క సంగతి మాత్రం తగ్గించడానికి వీల్లేదు, ఎందుకంటే అది మొత్తంగా నా కల్పన. అదేదో చివర్లో నేనే చెప్తాను.

ఆ రోజుల్లో, అంటే నా తలమీద జుట్టూ సైబర్‌జయ చుట్టూ పామాయిల్ తోటలూ ఇంకా మిగిలి ఉన్న రోజుల్లో, తెలుగు మాట చెవిన పడితే చాలు, బెల్లం ముక్క చుట్టూ చీమలా తిరిగేవాణ్ణి. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటలకి వచ్చాడు. మా ఇంట్లో తెలుగు అంటే సగం తమిళం, పావు మలయ్, మిగిలిన పావు ముత్తాత ఓడ దిగినప్పుడు మూటలో తెచ్చుకున్నది. నేను సైబర్‌జయలో ఒక పెద్ద ఆఫీసు భవనంలో కేబుళ్ళు లాగే పనిలో ఉండేవాణ్ణి. ఒకరోజు నిచ్చెనెక్కి తల పైకప్పు పలకల్లో దూర్చి ఉండగా, కింద ఎవరో “ఈ ఏసీకి గడ్డకట్టి చచ్చేలా ఉన్నాం రా” అన్నారు. అచ్చమైన తెలుగు. నేను తల కిందికి దించి, “ఏటన్నా, తగ్గించమంటారా?” అన్నాను. పైకప్పే తెలుగు మాట్లాడిందనుకుని ఒకాయన కాఫీ కీబోర్డు మీద ఒలకబోసుకున్నాడు. ఆ కాఫీ సాక్షిగా నాకు వాళ్ళతో స్నేహం కుదిరింది.

వాళ్ళందరూ ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేర్ వాళ్ళు. శని ఆదివారాలు సైకిలు తొక్కడానికి, కొండలెక్కడానికి, డేరాలేసుకుని పడుకోవడానికి ఒక క్లబ్బు పెట్టుకున్నారు. దానికి నాయకుణ్ణి అందరూ కెప్టెన్ అనేవారు. ఆయన ప్రతి వాక్యాన్నీ “యాక్చువల్‌గా”తో మొదలుపెట్టి “అది పాయింట్”తో ముగించేవాడు, మధ్యలో ఏ పాయింటూ ఉండేది కాదు. కాఫీ ఒలకబోసుకున్న ఆయనకి జీపీఎస్ అని పేరు, ఎందుకంటే ఆయన సొంత సీటు నుంచి బాత్రూముకి వెళ్ళి వేరే కంపెనీలోకి తిరిగొచ్చిన ఘనుడు. నాకు పేరు పెట్టడానికి వాళ్ళకి అర నిమిషం పట్టలేదు. “లోకల్” అన్నారు. నాకది బిరుదులా అనిపించింది. (అప్పట్లో నాకు చాలా విషయాలు బిరుదుల్లా అనిపించేవి.) నా చేత “ఏటి”, “సేసినాను” అనిపించుకుని నవ్వేవారు, కొత్తవాడెవడైనా వస్తే, “లోకల్, ఒక్కసారి ఆ మాట అనవా” అని అడిగేవారు. నేను అనేవాణ్ణి. అడక్కుండా కూడా అనేవాణ్ణి.

కెప్టెన్ ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో జపాన్ ఫోటోలు చూపించాడు. సముద్రం మీద వంతెన, వంతెన మీద సైకిలు దారి, దారి పక్కన నారింజ తోటలు, సాయంత్రం వేణ్ణీళ్ళ ఊటలో స్నానం, కొండ మలుపులో మనిషన్నవాడు లేకుండా డబ్బా కాఫీ అమ్మే యంత్రం. “యాక్చువల్‌గా, వచ్చే ఏడు జపాన్ వెళ్తున్నాం. ఇక్కడ మన ట్రిప్పుల్లో ఎవడు గట్టిగా నిలబడితే వాడికే చోటు. అది పాయింట్” అన్నాడు. ఆయన నోట మొదటిసారి పాయింటు వచ్చింది, అది వచ్చి నా గుండెలో దిగబడింది. నాకు జపాన్ కావాలి. అంతకంటే, ఆ ఫోటోలో వాళ్ళ పక్కన నేను కావాలి.

నా దగ్గరున్న సైకిలు మావది, ఎండుచేపలు వేసుకుని ఊరూరా తిరిగిన ఇనప సైకిలు. కెప్టెన్ సైకిల్ని చిటికెన వేలితో ఎత్తొచ్చు, నా దాన్ని ఎత్తాలంటే గ్రామ సభ పెట్టాలి. నేను తొక్కుతుంటే సైబర్‌జయలో ఉన్న పిల్లులన్నీ వెనక ఊరేగింపుగా వచ్చేవి. అయినా నేను మానలేదు. పంక్చర్లు వేశాను, చక్రాలు సరిచేశాను, అందరి సామాను నా క్యారియర్ మీద కట్టుకున్నాను. డేరాలు వేసుకోవడానికి అడవి ఆఫీసు వాళ్ళని మలయ్‌లో బతిమాలింది నేనే. మామక్ వాళ్ళ టిఫిన్ కొట్టులో రోటీలు కట్టించింది నేనే. జపాన్ చలికని మా ఊరు క్లాంగ్‌లో పాతబట్టలమ్మే బండిల్ కొట్టులో ఒక నీలం జాకెట్ కొన్నాను. మా దేశంలో ఆ కొట్లకి బట్టలు మూటలుగా జపాన్ నుంచే వస్తాయి. జాకెట్ అక్కణ్ణించి ఇక్కడికి వచ్చింది, నేను ఇక్కణ్ణించి అక్కడికి తీసుకెళ్తాను, పాపం దానికి పుట్టిల్లు చూపించినట్టూ ఉంటుందనుకున్నాను. అలవాటు కోసం మిట్టమధ్యాహ్నం దాన్ని తొడుక్కుని బస్సెక్కితే, పక్క సీటు ముసలాయన నాకు జ్వరమనుకుని కిటికీ తెరిచాడు.

అమ్మ ఆ జాకెట్ కాలర్ లోపల ఎర్రదారంతో నా పేరు కుట్టింది. ఆమెకి తెలుగులో రాయడం వచ్చింది నా పేరొక్కటే.

“జపాన్‌లో తెలుగెవలు సదువుతారే?” అన్నాను.

“జపానోళ్ళు కాదురా. నువ్వు తప్పిపోతే నీ ఎంట ఉన్నోళ్ళు తెలుగోళ్ళే గదా, ఆళ్ళు సదువుతారు” అంది.

ఇక ఆఖరి పరీక్ష హులు లంగాత్ వైపు ఒక కొండ. (ఎవరెస్టు అంత ఎత్తు. సరే, సగం. సరే, మా భవనానికి ఓ పదింతలు.) బయల్దేరే ముందు నేను వాళ్ళకి అడవి నియమాలు చెప్పాను. తోటల్లో పెరిగిన మాకు, పక్కనున్న మలయ్ వాళ్ళకి ఇది అందరికీ తెలిసినదే. అడవిలో ఎవర్నీ పేరుపెట్టి పిలవకూడదు. మావ చెప్పేవాడు, “పేరెట్టి పిలిస్తే ఆ పేరు అడివి ఇనేస్తాదిరా. తరవాత అదే పిలుస్తాది. మూడోసారి పిలిస్తేనే పలుకు, మనిషయితే మూడోసారీ పిలుస్తాడు, అది మాత్రం పిలవదు.” ఇంతవరకే చెప్పి ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? వాళ్ళ మొహాల్లో భయం చూస్తే ముచ్చటేసి, “దిగేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదు కూడా లా” అని (ఆ “లా” మా మాటలకి మలయ్ తగిలించిన తోక) ఇంకో నియమం అప్పటికప్పుడు వండి వడ్డించాను. జీపీఎస్ అప్పటినుంచే వెనక్కి చూడటం మానేశాడు. కెప్టెన్ కూడా “యాక్చువల్‌గా” అనడం మర్చిపోయాడు. ఆ ఒక్క గంటా నేనే కెప్టెన్ని.

రాత్రి డేరాల్లో బాగానే గడిచింది. పొడవులో పొట్లకాయల్ని ఓడించే జలగలు వచ్చాయి, అవీ నా దగ్గరికే వచ్చాయి, లోకల్ రుచి మరిగినవి కాబోలు. పొద్దున్న వాళ్ళందరూ దిగడం మొదలుపెట్టారు. డేరాలు మడవడం, గిన్నెలు తోమడం, చెత్త ఏరడం నా పనిగా ఎప్పుడో స్థిరపడిపోయింది కాబట్టి నేను వెనకబడ్డాను. వీపు మీద డేరాలు, చేతిలో పెద్ద మూకుడుతో దిగుతుంటే వాన వచ్చింది. తడి వేరు మీద కాలు జారింది. మూకుడు ముందు వెళ్ళింది, దాని వెనకే నేను వెళ్ళాను, ఇద్దరం ఒక వెదురు పొదలో ఆగాం. మూకుడుకి ఏమీ కాలేదు. నా చీలమండ పనసకాయలా వాచింది.

కిందనుంచి వాళ్ళ నవ్వులు కాసేపు వినిపించాయి. “ఓయ్” అని అరిచాను. వినిపించలేదో, వెనక్కి తిరగకూడదన్న నియమమో, ఎవరూ ఆగలేదు. నవ్వులు చిన్నవయ్యాయి. వాన పెద్దదయింది. పొదలోంచి బయటికొచ్చేసరికి దారి ఎటో తెలియలేదు. లోకల్‌ని అయిన నాకే తెలియలేదు. అక్కడ కూర్చుని, వాళ్ళు ఇంకో మలుపులో లెక్క చూసుకుంటారు, ఒకడు తక్కువొస్తాడు, వస్తారు అనుకున్నాను. చాలాసేపు అనుకున్నాను. మధ్యాహ్నం దాటిపోయింది.

అప్పుడు వినిపించింది నా పేరు. లోకల్ కాదు. నా అసలు పేరు, ఇంటిపేరుతో సహా. మావ మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. రెండోసారి వినిపించింది. మూడోసారి కూడా వినిపించాక, “ఆఁ, వస్తన్నాను” అని పలికి, ఆ గొంతు వైపే పాక్కుంటూ, డేక్కుంటూ, మూకుణ్ణి ఊతకర్రలా పొడుచుకుంటూ దిగాను. దిగువన రోడ్డు పక్కన జీపీఎస్ నిలబడి ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ సంచిలో కట్టించిన వేడి తే తారిక్. వ్యాన్ ఆపించి, వాళ్ళతో పోట్లాడి, ఒక్కడే దిగిపోయాట్ట. దారి తెలియని మనిషి దారి కనుక్కుని వచ్చాడు. ఆ టీ ఇద్దరం చెరో స్ట్రా పెట్టుకుని తాగాం.

సోమవారం కుంటుకుంటూ ఆఫీసుకెళ్ళాను. కెప్టెన్ నన్ను చూసి, “అరే లోకల్, యాక్చువల్‌గా నువ్వు బండి మీద వచ్చావేమో అనుకున్నాం” అన్నాడు.

“మీతో వ్యాన్‌లోనే గదన్నా వచ్చినాను.”

“అయినా నీకేంట్రా, నువ్వు లోకల్, నీకు దారి తెలుసు కదా. వెనక్కి తిరగొద్దని చెప్పింది కూడా నువ్వే. అది పాయింట్.”

నేను వండిందే నా కంచంలో పడింది. అందుకని అసలు అడగాల్సింది అడిగాను. “జపాన్‌కి మరి నేను?”

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. నటించలేదు, అదే బాధ. “నువ్వా? అక్కడ నీకేం పనుంటుంది? నువ్వు అక్కడ లోకల్ కాదు కదా” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అలవాటు కొద్దీ నేనూ నవ్వాను.

వెళ్ళడానికి వారం ముందు కెప్టెన్ మళ్ళీ నిచ్చెన కిందికి వచ్చి నిలబడ్డాడు. “లోకల్, ఆ నీలం జాకెట్ నీకిక్కడ ఎందుకు, ఉక్క తప్ప ఏముంది? రెండు వారాలు ఇవ్వవా?” ఇచ్చాను. ఎందుకిచ్చానని అమ్మ అడిగింది, మావ అడిగాడు, ఇన్నేళ్ళుగా నేనూ అడుగుతున్నాను. బహుశా నాలో ఏదో ఒకటి ఆ ఫోటోలో ఉండాలనుకున్నానేమో. ఉంది కూడా. సముద్రం మీద వంతెన ముందు, మంచు కొండ ముందు, డబ్బా కాఫీ యంత్రం ముందు, నా జాకెట్ మహా దర్జాగా నిలబడింది. నా జపాన్ ప్రయాణంలో నేనొక్కణ్ణే తక్కువ.

తిరిగొచ్చాక కెప్టెన్ దాన్ని ఉతికి, మడతపెట్టి ఇచ్చాడు (ఆ మాత్రం మర్యాద ఉందని ఒప్పుకోవాలి). ఇస్తూ నవ్వుతూ అన్నాడు, “యాక్చువల్‌గా భలే తమాషా లోకల్, కాలర్ లోపల ఎవరిదో పేరు కుట్టి ఉంది, తెలుగులో. పాత ఓనర్‌ది అయ్యుంటుంది. జపాన్ మూటల్లో మనవాళ్ళ బట్టలు కూడా వస్తాయా?”

జీపీఎస్ పక్కనే ఉన్నాడు. ఆయన కూడా కాలర్ తిప్పి, ఆ పేరు పైకి చదివి, “ఎవరో పాపం” అన్నాడు.

ఇక్కడికొచ్చేసరికి మీలో తెలివైనవాళ్ళు నన్ను పట్టేసుకుని ఉంటారు. నా పేరే తెలియని జీపీఎస్ ఆ కొండ మీద నన్ను ఇంటిపేరుతో సహా ఎలా పిలిచాడని. చెప్తానన్నాను కదా, అదే నా కల్పన. జలగలు ఉన్నాయి, మూకుడు ఉంది, పిల్లులు కూడా ఉన్నాయి, మీరు నమ్మకపోయినా. జీపీఎస్ మాత్రం రాలేదు, ఎవరూ రాలేదు. ఆ వెదురు పొద పక్కన భయమేసి, నా పేరు నేనే అరిచాను. అడవిలో పేరెట్టి పిలవకూడదని తెలిసీ, ఇంకెవరూ పిలవరని కూడా తెలిసిపోయి, మూడుసార్లు నేనే పిలిచి, మూడోసారికి నేనే పలికాను. రోడ్డు పక్క టీ కూడా నేనే కట్టించుకున్నాను. కొట్టువాడు అడక్కుండానే రెండు స్ట్రాలు వేశాడు, అక్కణ్ణించి మొదలైంది జీపీఎస్ వచ్చిన కథంతా.

ఆ జాకెట్ ఇంకా నా దగ్గరే ఉంది. పొట్ట దగ్గర జిప్పు పట్టదు, అది జాకెట్ తప్పే. క్లాంగ్‌లో చలి ఎప్పుడూ రాదు కాబట్టి, ఎప్పుడైనా సినిమా హాల్లో ఏసీ మరీ ఎక్కువైతే తొడుక్కుంటాను. అమ్మ వేసిన ఎర్రదారం ముడులు మెడ వెనక గీసుకుంటాయి, ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టు. ఆ నిచ్చెన మీది కుర్రవాడు మొదటి పిలుపుకే దూకేసేవాడు. ఇప్పటి నేను అలా కాదు, మూడోసారి కోసం ఆగుతాను.