వరిగడ్డిలో సిపాయిలు

పులివెందుల చీనీకాయల (బత్తాయిల) మండీలో పెట్టెలు కట్టేది హుమాయున్ పని. అంతకుముందు కువైట్‌లో డ్రైవరుగా ఉన్నప్పుడు, ఆ ఇంటి పిల్లలు పారేసిన యుద్ధం ఆట బొమ్మలు ఏరి తెచ్చుకున్నాడు. వేలెడంత సిపాయిలు, చేతుల్లో సన్నటి ఈటెలు. అతనితో ఆ ఆట ఆడటానికి జమ్మలమడుగులో రిటైరైన టీచరు జీవన్ కుమార్ ఒక్కడే దొరికాడు.

ప్రతి ఆదివారం చర్చి వదిలే వేళకు హుమాయున్ జమ్మలమడుగులో బస్సు దిగేవాడు. బొమ్మల్ని కూడా చీనీకాయల్లాగే అట్టపెట్టెలో వరిగడ్డి కూరి, బిగించి తెచ్చేవాడు. బిగిస్తే కాయ నిలుస్తుంది, ఈటె విరుగుతుంది. ఆ మాట ఒప్పుకోడు. వారం వారం ఇంకాస్త గడ్డి కూరేవాడు.

"ఏందప్పా, మళ్లీ ఇరగ్గొట్టుకొచ్చినావా?" అంటూ జీవన్ కుమార్ జిగురు తీసేవాడు. అతికించినవి ఆరేదాకా ఇద్దరూ టీ తాగుతూ కువైట్ ఎండల్నీ, పాత పల్లె బడుల్నీ తలుచుకునేవాళ్లు.

మొన్న టీచరు కూతురు సుస్మిత ఈటెలు విరగడం చూడలేక, అరలున్న స్పాంజి పెట్టె కొనిచ్చింది. అందులో పెట్టి తెచ్చిన ఆదివారం ఒక్క ఈటె కూడా విరగలేదు. రాగానే ఆడారు, మధ్యాహ్నానికే ఆట అయిపోయింది. తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. హుమాయున్ సాయంత్రం దాకా ఉండకుండానే బస్సెక్కాడు.

మరుసటి ఆదివారం అతని చంకలో పాత అట్టపెట్టె ఉంది.

"స్పాంజి పెట్టె యాడప్పా?"

"ఇంట్లో మర్చిపోయినా సార్. దోవంతా శానా గుంతలు."

జీవన్ కుమార్ పెట్టె విప్పి చూడలేదు. ముందు వెళ్లి జిగురు తెచ్చుకున్నాడు.