పద్దెనిమిది మెట్ల కమ్మీలు

కోవిల్‌పట్టిలో ఒక చిన్న ఆఫీసులో ఇళ్ళ నమూనాలు గీయడం నా పని. కట్టబోయే ఇంటిని ముందుగా కంప్యూటర్లో నిలబెట్టి, గోడలు, కిటికీలు, మెట్లు ఎలా ఉంటాయో చూపిస్తాను. అన్నిటికంటే తేలికైనది మెట్ల రెయిలింగు. ఎత్తు ఎంత, కమ్మీకీ కమ్మీకీ మధ్య సందు ఎంత అని రెండు అంకెలు కొడితే చాలు. కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా కమ్మీలన్నీ వాటంతటవే సమానంగా వచ్చి నిలబడతాయి. ఇన్నేళ్ళలో నేను కష్టపడి గీసిన రెయిలింగు ఒక్కటే. అది మా అక్క కోసం గీసింది.

అక్కను విరుదునగర్‌లో ఇచ్చారు. పెళ్ళయిన నాలుగేళ్ళకు ఆమె తొడల్లో బలం తగ్గుతూ వచ్చింది. కండరాల జబ్బన్నారు, నయం చేసే మందు లేదన్నారు. చదునైన నేల మీద గోడ పట్టుకుని నడిచేది కానీ మెట్టెక్కడానికి కాలు లేచేది కాదు. పిల్లలు లేరు. ఆమె కోసం బావ ఎప్పుడూ కింది వాటాలే అద్దెకు తీసుకున్నాడు. సొంత ఇల్లు మొదలుపెట్టినప్పుడు కూడా ఒక్క అంతస్తు చాలన్నాడు. అక్క ఒప్పుకోలేదు. పైన ఒక గది, దాని పక్కన మొట్టమాడి కావాలంది. డాబా మీది ఖాళీ జాగాను మేం అలాగే అంటాం. చిన్నప్పుడు మా ఊళ్ళో ఇద్దరం డాబా మీద నిలబడి, నల్లరేగడి చేల మీదుగా వాన మా వైపు నడిచి రావడం చూసేవాళ్ళం. చివరి నిమిషం దాకా కదలకుండా ఉండి, తడిసి, అమ్మ చేత తిట్లు తినేవాళ్ళం. అక్కకు అలాంటి వాన ఇంకొకటి చూడాలని ఉండేది.

ఎలా ఎక్కుతావని అడిగాను.

"కూసోని ఎక్కుతా. ఈపు పైకి పెట్టి, ఒక్కొక్క పడి. పట్టుకునేదానికి నువ్వు కమ్మీలు సరిగ్గా పెట్టు పాపా, సాలు," అంది. పడి అంటే మెట్టు.

ఆదివారాలు బస్సెక్కి విరుదునగర్ వెళ్ళేదాన్ని. బావ ఒక బెంచీకి రెండు చీపురు కర్రలు నిలువుగా కట్టాడు. అక్క నేల మీద కూర్చుని ఆ కర్రలు పట్టుకుని ఒంటిని పైకి లాక్కునేది. మేం కర్రలను దగ్గరికీ దూరానికీ జరుపుతూ చూశాం. మొదట్లో వేళ్ళతో గట్టిగా పట్టుకోగలిగేది. అయిదారుసార్లు లాగేసరికి వేళ్ళు సడలిపోయేవి. అప్పుడు చెయ్యంతా రెండు కర్రల మధ్య నుంచి దూర్చి, మోచెయ్యి మెలివేసి లాక్కునేది. అంటే కింది మెట్లకు సందు తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ ఉండాలి. ఎంత ఎక్కువన్నది ఆమె అలసటను బట్టి పద్దెనిమిది మెట్లలో ఒక్కో మెట్టుకు ఒక్కో తీరుగా ఉంది. బావ టేపు పట్టి కొలత చెప్పేవాడు, నేను అక్కడికక్కడే లాప్‌టాప్‌లో కొట్టేదాన్ని. సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ వాటిని సమానం చేసేది. చివరికి ఆ ఏర్పాటు తీసేసి ఒక్కొక్క కమ్మీని చేత్తో జరిపి పెట్టాను. నాలుగు ఆదివారాలు పట్టింది.

కొలత తెలియడానికి మెట్ల మీద ఒక మనిషి బొమ్మ పెట్టాను. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది ప్యాంటు వేసుకున్న మగమనిషి బొమ్మ. అక్క తెరవైపు వంగి చూసి, "ఈయనెవురు, నా మెట్ల మీద?" అంది. ముగ్గురం చాలాసేపు నవ్వాం. బావ అంత నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

వెల్డింగ్ షాపు నుంచి నమూనాకు ఒక కమ్మీ తెప్పించాం. అక్క పిడికిట్లో పట్టి చూసి లావుగా ఉందంది. సన్నది వేయించాం. రెయిలింగంతా తయారై షాపులో రంగు కోసం ఎదురు చూస్తున్న వారంలో ఆమెకు దగ్గు పట్టుకుంది. దగ్గడానికి కూడా కండరాలకు బలం కావాలని అప్పటిదాకా మాకు తెలియదు. మదురైలో ఆసుపత్రిలో తొమ్మిది రోజులుంది. పదో రోజు అంబులెన్సులో ఇంటికి తీసుకొచ్చాం.

పెద్దకర్మ అయ్యాక బావ రెయిలింగు బిగించాడు. ఇంక దాని అవసరం ఎవరికుందని బంధువులు అడిగారు. గీసింది గీసినట్టే ఉండాలన్నాడు. కింద ఒక్కడే కాపురం పెట్టాడు. ఇంట్లో మనుషుల అలికిడి లేకపోతే ఉండలేకపోయాడేమో, పై గదిని ఒక చిన్న కుటుంబానికి అద్దెకిచ్చాడు. వాళ్ళకు రెండేళ్ళ పాప ఉంది.

ఒక మధ్యాహ్నం బావ మా ఆఫీసుకు వచ్చాడు. చాలాసేపు పైపై మాటలు మాట్లాడి, రెయిలింగు మార్చి గియ్యమన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"అక్క పోయి ఏడు నెలలు కాలేదు. అంతలోనే ఆమె కమ్మీలు పీకాల్నా?"

పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. ఆయన తల దించుకున్నాడు.

"ఆ బిడ్డ తల సందులో ఇరుక్కునింది పాపా. నిన్న సబ్బు రాసి తీసినాము."

అయితే మధ్య మధ్య ఇంకో కమ్మీ పెట్టిద్దాం, పాతవి అలాగే ఉంటాయి అన్నాను. ఆయన ఒప్పుకుంటాడనే అనుకున్నాను.

"పెట్టొచ్చు. అయినా నాకు అవి వద్దు. పొద్దున తలుపు తీస్తే ఆ సందులే కనిపిస్తాయి. ఒక్కొక్క సందులో ఆమె చెయ్యి కనిపిస్తాది. వేరేవాళ్ళ చేత గీయించను, నువ్వే గియ్యి."

ఆయన ఎదురుగానే ఆ ఫైలు తెరిచాను. సమానంగా పేర్చే ఏర్పాటును మళ్ళీ పెట్టి, సందు నాలుగు అంగుళాలని కొట్టాను. నాలుగు ఆదివారాల పని కళ్ళు మూసి తెరిచేలోగా చదునైపోయింది. కాగితం మీద ప్రింటు తీసి చేతికిచ్చాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, టీ కూడా తాగకుండా బస్సుకు వెళ్ళిపోయాడు. బస్టాండు దాకానైనా నేను వెంట వెళ్ళలేదు.

రెండు నెలల తర్వాత బావ ఫోన్ చేశాడు. మొదట గీసిన రెయిలింగు బొమ్మ ఒకసారి ఫోనుకు పంపుతావా, చూడాలని ఉంది అన్నాడు. పంపుతానని చెప్పి వెతికాను. ఆ రోజు కోపంలో, దుఃఖంలో, పాతదాని మీదే కొత్తది సేవ్ చేశానని అప్పుడు తెలిసింది. ఆఫీసులో కంప్యూటర్లన్నీ గాలించాను. వెల్డింగ్ షాపాయనను అడిగితే ఆ కాగితం ఎప్పుడో పోయిందన్నాడు. పాత కమ్మీలు ఇనుప సామాను కొనేవాడి బండెక్కాయి. మెట్ల మీద వాటి గుంతలు సిమెంటుతో పూడ్చేశారు.

సాయంత్రం ఫోన్ చేసి, లేదు బావా, నేనే పోగొట్టాను అని చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు.

"సరే పాపా. నువ్వేం ఏడవొద్దు," అన్నాడు. ఆ తర్వాత కూడా ఆయన ఫోను పెట్టేయలేదు, నేనూ పెట్టలేదు.

మరుసటి ఆదివారం ఆఫీసులో ఒక్కదాన్నే కూర్చుని, మెట్లన్నీ కొత్తగా గీసి, కమ్మీలు ఒక్కొక్కటే పెట్టడం మొదలుపెట్టాను. మొదటి అయిదు మెట్ల కొలతలు గుర్తొచ్చాయి. అక్క వేళ్ళు సడలిపోయే ఆరో మెట్టు నుంచి ఒక్క అంకె కూడా గుర్తు రాలేదు.