బాగున్న వ్యవహారం

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. కొబ్బరికాయ కొంటే చెవి దగ్గర ఊపి చూస్తాను. బస్సులో పక్కవాళ్ళు ఊరికే నవ్వితే పర్సు తడుముకుంటాను. అలాంటిదాన్ని, విజయనగరం నుంచి పెళ్ళయి పోర్ట్ బ్లెయిర్ వచ్చాక మా ఆయన్ని మాత్రం కళ్ళు మూసుకుని నమ్మాను. ఆయన ఇక్కడే పుట్టి పెరిగారు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. పడవల మరమ్మతు చేసే చోట ఉద్యోగం. అవసరమైతే తప్ప నోరు విప్పరు. ఈ మనిషిలో అనుమానించడానికి ఏముందిలే అనుకున్నాను.

ఆ నమ్మకం ఒక సినిమా చూస్తుండగా చెడింది.

ఓ ఆదివారం మధ్యాహ్నం ఇక్కడి తెలుగువాళ్ళందరం కలిసి హాల్లో తెర కట్టుకుని పాత సినిమా వేసుకున్నాం. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి చిన్నప్పటి నుంచి స్నేహితులు. ఊరంతా ప్రేమంటుంది, వాళ్ళు కాదు స్నేహమంటారు. తీరా అమ్మాయికి వేరే సంబంధం కుదిరాక అబ్బాయికి తన మనసు తెలిసొస్తుంది. మా వరసలో నేను, నా పక్కన ఆయన, ఆయనకి అవతల ఆయన చిన్ననాటి స్నేహితురాలు కూర్చున్నాం. ఆవిడ తుష్నాబాద్‌లో తల్లితో ఉంటుంది, రోజూ బస్సులో పోర్ట్ బ్లెయిర్ వచ్చి ఉద్యోగం చేసుకుని వెళ్తుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో అంతవరకూ నేను ఆలోచించనే లేదు.

ఇంటర్వెల్లో ఆయన ముగ్గురికీ టీ తెచ్చారు. నాకిస్తూ, పంచదార సరిపోయిందో లేదో చూడమన్నారు. ఇన్నేళ్ళ కాపురం తర్వాత. ఆవిడ చేతిలో మాత్రం ఏమీ అడక్కుండా అల్లం వెయ్యని టీ పెట్టారు. ఆవిడ కూడా అది మామూలే అన్నట్టు తాగేసింది. తర్వాత తెర మీద పెళ్ళి సీను వచ్చినప్పుడు ఆయన కళ్ళు తుడుచుకోబోయారు. ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండానే తన చేతిరుమాలు ఆయన ఒళ్ళో పడేసింది. మా నాన్న పోయినప్పుడు కూడా ఆ కళ్ళల్లో తడి చూడలేదు నేను. మిగతా సినిమా నేను తెర వైపు చూడలేదు, వాళ్ళిద్దరి వైపే చూశాను.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఇక అన్నీ గుర్తుకు రావడం మొదలెట్టాయి. ఆవిడ నన్ను ఒక్కసారి కూడా వదినా అని పిలవలేదు. దీదీ అంటుంది. ఈ దీవుల్లో చేపలమ్మేవాళ్ళ దగ్గర్నుంచి అందరూ అదే అంటారు, నిజమే. కానీ వదినా అంటే ఆయన అన్నయ్య అయిపోతారు కదా. ఆ వరస కలపడం ఇష్టం లేకనే తప్పించుకుంటోందని తేల్చుకున్నాను.

కింది వాటాలో ఒక పెద్దావిడ ఉంటుంది. వాళ్ళిద్దరినీ పసితనం నుంచి ఎరిగినది. బట్టలు ఆరేసుకుంటూ మాట కలిపి, మెల్లగా ఆ స్నేహితురాలి సంగతి కదిపాను. పెద్దావిడ దాపరికమేమీ లేకుండా చెప్పేసింది.

"ఆళ్ళిద్దరి వెవహారం సిన్నప్పట్నుంచీ శానా బాగుంటాది. మా మొహల్లాలో అందరికీ మాలూమే."

నేను బడిలో తెలుగు చెప్పే టీచర్ని. ఒక ఆడా మగా మధ్య వ్యవహారం అంటే ఏమిటో నాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పైగా అందరికీ తెలుసట, చాలా బాగుంటుందట. నాకొక్కదానికే తెలియదన్నమాట. తడి చీర బకెట్లోనే వదిలేసి మెట్లెక్కి వచ్చేశాను. ఆ మనిషి మనసులో ఉన్నది నేనా, ఆవిడా? అది తేలకుండా ఆయనకి ఇంకో ముద్ద వడ్డించడం నా వల్ల కాదనిపించింది.

ఆ శనివారం ఆయన సిప్పీఘాట్ తోటకి వెళ్ళి మిరియాల తీగలు తెచ్చారు. మాకు మట్టి ఉన్నది రెండు కుండీల్లో. ఎవరికని అడిగితే, ఒక ఫ్రెండుకి అన్నారు. ఫ్రెండు అన్న మాటలో ఆడో మగో తెలియదు. అప్పుడే వాటిని పట్టుకుని మళ్ళీ బయటికెళ్ళి, చెప్పులకి ఎర్రమట్టితో సాయంత్రం ఇల్లు చేరారు. మర్నాడు ఆయన అలా బజారుకెళ్ళగానే తుష్నాబాద్ బస్సెక్కాను.

ఆవిడ ఇంటి వెనక పోక చెట్లున్నాయి. ఒక్కో చెట్టు మొదట్లో లేత మిరియాల తీగ, దాన్ని చెట్టుకి ఆనించి పాత పడవతాడు పోగుతో కట్టిన ముడి. మా బాల్కనీలో బట్టల తాడుకి ఉన్నదీ అదే ముడి. ఇంకేం సాక్ష్యం కావాలి? ఆవిడ నవ్వుతూ ఎదురొచ్చి కూర్చోమంది. నేను నిలబడే అడిగాను.

"మా ఆయనతో నీ వ్యవహారం ఏమిటి?"

ఆవిడ మొహం పాలిపోయింది. తప్పు చేసినవాళ్ళ మొహం అలాగే ఉంటుందనుకున్నాను.

"సారీ దీదీ," అంది మెల్లగా. "నా వ్యవహార్ మీకు బురా అనిపించిందా? మా అమ్మ కూడా అంటాది, మనుషులతో నడుచుకోడం నాకు తెల్దని. చిన్నప్పట్నుంచి వాడితో రా, పో అనే మాట్లాడతాను. మీ ముందు అలాగనకూడదేమో. ఇక నుంచి ఠీక్‌గా ఉంటాను."

అది మనసుకెక్కడానికి నాకు కాసేపు పట్టింది. నాకొచ్చిన హిందీ కూరల బేరం వరకే. ఈ దీవుల్లో పుట్టినవాళ్ళకి వ్యవహారమంటే, హిందీలో లాగే, నడవడిక, ఎదుటివాళ్ళతో మెలిగే తీరు. కింది వాటా పెద్దావిడ చెప్పిందల్లా వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మర్యాదగా ఉంటారని.

నేను అనుకున్నదేమిటో విడమరిచి చెప్పాను. ఆవిడ నా మొహం చూసి, తర్వాత మిరియాల తీగల వైపు చూసి, పోక చెట్టుకి ఆనుకుని నవ్వడం మొదలెట్టింది. "వాడితోనా? నాకా?" అంటుంది, మళ్ళీ నవ్వుతుంది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే ప్రాణం లేచొచ్చింది. అనుమానించినందుకు సిగ్గేమీ పడలేదు, అలాంటి మాట వింటే ఏ పెళ్ళామైనా బస్సెక్కుతుంది. వాళ్ళమ్మ పెట్టిన భోజనం చేసి, ఒక పనసకాయ కూడా పట్టుకుని ఇంటికొచ్చాను.

సాయంత్రం ఆయనకి అన్నం వడ్డిస్తూ కథంతా చెప్పాను. ఆవిడ గొంతు అనుకరిస్తూ మరీ చెప్పాను. నవ్వుతారని చూశాను. ఆయన నవ్వలేదు. చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఇంతకీ తనేమంది?" అన్నారు.

"ఏమంటుంది? వాడితోనా, నాకా అని పడీ పడీ నవ్వింది."

ఆయన కంచంలోకి చూస్తూ కాస్త అన్నం కలిపారు.

"పెళ్ళి చేసుకుందామా అని నేనడిగిన రోజు కూడా అలాగే నవ్వింది," అన్నారు.

మా పెళ్ళికి ముందేగా అని నేనడగలేదు. అది అడగక్కర్లేదు. నాకు ముందు ఆవిడ మీద ఒళ్ళు మండిపోయింది. ఇలాంటి మనిషి వచ్చి అడిగితే ఎలా నవ్వగలిగింది అని. ఆవిడ నవ్వకుండా సరేనని ఉంటే ఈ పూట ఆ కంచంలో వడ్డిస్తున్నది ఆవిడేనని ఆ వెంటనే తోచింది. ఆయనకి కూడా అదే తోస్తోందేమోనని తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాను. పులుసు వెయ్యనా అని అడిగాను.