కొమురయ్య అంకుల్ ఆఖరి తుపాకులు

కొమురయ్య అంకుల్ ఏ తుపాకి తెచ్చినా అదే ఆఖరిదనేవారు. ఆయన పోయేనాటికి ఇంట్లో పద్నాలుగు ఆఖరి తుపాకులున్నాయి.

వేటగాడేమో అనుకునేరు! ఆయన జన్మలో ఒక్క గుండు పేల్చలేదు. దీపావళికి మేమంతా పెరట్లో టపాకాయలు కాలుస్తుంటే, చెవుల్లో దూది కుక్కుకుని, కారు అద్దాలెత్తుకుని లోపల కూర్చునేవారు.

"ఇంట్లో అన్ని తుపాకులు పెట్టుకుని చిచ్చుబుడ్డికి భయమేంటి అంకుల్?"

"తుపాకి సప్పుడు చేస్తదారా? బీరువాల పండుకుంటది. గీ పటాకులదే లొల్లి."

వరంగల్ దగ్గరి మనిషి. ఈ దేశం వచ్చి, ఆక్లండ్ అవతల టౌరంగా ఊళ్ళో డెయిరీ నడిపేవారు. డెయిరీ అంటే బర్రెలు, పాలు అనుకోవద్దు. ఇక్కడ వీధి మొదట్లో ఉండే చిల్లర కొట్టుని అలా పిలుస్తారు. చదువుకునే రోజుల్లో ఆ కొట్టు వెనక గదిలోనే నేను అద్దెకున్నాను. తర్వాత కివీ తోటలో ఉద్యోగం వచ్చింది, మనస్వినితో పెళ్ళయింది, రెండు వీధుల అవతలికి మారాం. అయినా సాయంత్రానికి అంకుల్ భార్య లక్ష్మీబాయి ఆంటీ తిట్లు వినకపోతే నాకు తోచేది కాదు. చుట్టూ తోటలు, కుందేళ్ళ బెడద. లైసెన్సు తీసుకుని రైఫిల్ ఉంచుకోవడం ఇక్కడ మామూలే. నాకూ ఒకటుండేది.

2001లో అనుకుంటాను, ఓ మధ్యాహ్నం అంకుల్ దుప్పట్లో చుట్టిన పొడుగాటి వస్తువుతో కొట్లోకి వచ్చారు. ఆంటీ గల్లా దగ్గర్నుంచి లేచింది.

"గదేంది?"

"గొడుగు."

"గంత పొడుగు గొడుగు ఎవరికయ్యా, ఒంటెకా?"

"ఇదే ఆఖరిది, బాయీ."

"ఆరోదానికీ గదే అన్నవ్!"

పంచాయితీకి పెద్దమనిషిని నేనే అయ్యాను. "నువ్వు చెప్పు రాఘవ్. ఒక్క మనిషికి ఎన్ని తుపాకులుండాలె?" అని ఆంటీ నిలదీసింది. నేను ఆ ప్రశ్నని అంకుల్ మీదికి తోశాను. ఆయన గంభీరంగా ఆలోచించి, "ఉన్నయి గాక ఇంకొక్కటి" అన్నారు.

చివరికి తీర్పు ఆంటీయే చెప్పింది. "నాకెన్ని పట్టుచీరలుంటే నీకన్ని తుపాకులు. ఒక్కటి ఎక్కువైనా ఊకోను."

ఆంటీకి ఉన్నవి ఐదు చీరలు. ఈయన తుపాకులు ఏడు. ఇంకేముంది, రెండు బయటికి పోతాయనుకున్నాం. ఆ ఆదివారం అంకుల్ కొట్టు మూసి, మూడు గంటలు డ్రైవ్ చేసి ఆక్లండ్‌లోని పాపటోయిటోయికి వెళ్ళి, మన బట్టల షాపుల్లోంచి మూడు పట్టుచీరలు తెచ్చారు.

"రెండు తక్కువైతే మూడెందుకు తెచ్చినవ్?"

"ఒకటి రాబోయేదానికి."

ఇక అప్పట్నుంచీ అదే వరస. ఒక్క చీర ఎప్పుడూ ముందుండేది. టౌరంగాలో అన్ని చీరలు కట్టుకెళ్ళడానికి పెళ్ళిళ్ళెక్కడివి? ఆంటీ కంచిపట్టు కట్టుకుని కొట్లో ఆలుగడ్డలు తూచేది. తెల్లవాళ్ళు ఇవాళేం పండగని అడిగితే, "మా ఆయన పిచ్చి" అనేది.

కొనడమైనా పద్ధతిగా కొనేవారా అంటే, అదీ లేదు. తుపాకుల షాపు గడప తొక్కేవారు కాదు. తిన్నగా ఎవరింటికో పోయి, "నా కలెక్షన్‌ల మీ తుపాకి ఒక్కటే తక్కువైంది" అని కూర్చునేవారు. ఇచ్చేదాకా లేచేవారు కాదు. బదులుగా ఒకరికి ఫ్రీజరు ఇచ్చారు. ఇంకొకరికి కోడిపెట్టల్ని గూడుతో సహా ఇచ్చారు.

2005 చలికాలంలో మాకు పాప పుట్టింది. మూడో రోజున పోయింది. మనస్విని కొన్నాళ్ళు వాళ్ళమ్మ దగ్గర ఉంటానని ఇండియా వెళ్ళింది. నేను ఒక్కణ్ణీ ఇంట్లో మిగిలాను. వండుకోలేదు, గడ్డం గీసుకోలేదు. కొట్టుకి రెండుసార్లు వెళ్ళినట్టున్నాను, సిగరెట్ల కోసం. అప్పటిదాకా నాకు ఆ అలవాటు లేదు.

ఆ రెండోసారి మర్నాడే అంకుల్ వానలో తడుస్తూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"రాఘవ్, నీ రైఫిల్ నాకు గావాలె."

నా ఒళ్ళు మండిపోయింది. "నా బిడ్డ పోయింది అంకుల్! ఇప్పుడు కూడా మీకు తుపాకి గోలేనా?"

"ఒక్కటే తక్కువైందిరా. ఇదే ఆఖరిది."

"సిగ్గులేదా మీకు?"

"లేదురా. ఇయ్యి."

అరగంటైనా కదల్లేదు. తెచ్చి చేతిలో పడేశాను. ఇంకెప్పుడూ నా గడప తొక్కొద్దన్నాను. ఆయన దాన్ని జాగ్రత్తగా దుప్పట్లో చుట్టి కార్లో పెట్టి, అందులోంచి గడ్డి కోసే మిషన్ దించి వెళ్ళిపోయారు.

గడప తొక్కొద్దన్న మనిషి శనివారం పొద్దున్నే హాజరు! "మిషన్ మంచిగ నడుస్తుందా? ఏదీ, నడిపి సూపియ్." చలికాలం, గడ్డి పెరిగి చస్తేగా! కోసిన చోటే మళ్ళీ కోయించి, వరండాలో కూర్చుని, తను తెచ్చిన ఫ్లాస్కులోంచి చాయ్ పోసి, నాచేత నాలుగు ముద్దలు తినిపించి గానీ కదిలేవారు కాదు. తొమ్మిది శనివారాలు. మనస్విని తిరిగొచ్చిన రోజున, నేను బోడినేల మీద మిషన్ తోస్తుంటే అంకుల్ గొడుగేసుకుని అజమాయిషీ చేస్తున్నారు. అది చూసి మనస్విని నవ్వింది. పాప పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

నేను మాత్రం క్షమించలేదు. బిడ్డ పోయిన ఇంట్లో తుపాకి అడిగిన మనిషని దావత్‌లలో ఆ కథ చెప్పి అందర్నీ నవ్వించేవాణ్ణి. ఆయన కూడా నవ్వేవారు.

2008లో ఓ పొద్దున పేపర్ల కట్ట మోసుకొస్తూ కొట్టు గుమ్మంలోనే కూలిపోయారు. గుండె. ఆస్పత్రిదాకా వెళ్ళలేదు.

పదో రోజు అయ్యాక ఆంటీ ఫోన్ చేసింది. "నాకు లైసెన్సు లేదు. గీ దరిద్రం నా ఇంట్ల ఉండొద్దంట. నువ్వే తీసుకపో బిడ్డా."

ఇనుప బీరువా తెరిచాం. ప్రతి తుపాకికీ ఓ అట్టముక్క కట్టి ఉంది. చీరల డబ్బాల అట్టలు. వాటిమీద అంకుల్ వంకర టింకర తెలుగు. మొదటిది తిప్పి చదివాను.

"గ్రాహం. రోజూ పేపర్ కొనేటోడు. నెలాయె కొంటలేడు. తుపాకి తలుపు పక్కకున్నది. చూసిన. అడగలే."

ఆంటీ ఆ అట్టముక్క చేతిలోకి తీసుకుని చెప్పింది. ఈ దేశంలో అంకుల్‌కీ తనకీ మొదటి స్నేహితుడు గ్రాహమేనట. అతని భార్య పోయింది. ఓ సాయంత్రం అంకుల్ అతనింట్లో చాయ్ తాగి వచ్చారు. మర్నాడు గ్రాహం ఆ తుపాకితోనే పోయాడు. దాన్ని పారేస్తానన్న కూతుర్ని బతిమాలి అంకుల్ తెచ్చుకున్నారు.

మిగతా అట్టలు ఒక్కొక్కటీ చదివాను. "బ్రెడ్డు కొంటలేడు. అడిగిన, ఇచ్చిండు." "పెండ్లాం పోయింది. అడిగిన, ఇచ్చిండు." "తోట అమ్ముకున్నడు. అడిగిన, ఏడ్సిండు, ఇచ్చిండు. కోళ్ళనిచ్చిన." వాళ్ళల్లో సగంమంది అంత్యక్రియలకు వచ్చి నా పక్కనే నిలబడ్డవాళ్ళు.

నాది పదకొండోది. "రాఘవ్. సిగరెట్లు కొంటుండు. అడిగిన. తిట్టుకుంట ఇచ్చిండు. శనివారం పోవాలె."

ఆ చలికాలం ఒంటరిగా కూర్చుని నేనేం ఆలోచించానో మనస్వినికి కూడా చెప్పలేదు. ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ బీరువా తలుపు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. సారీ చెప్పుకుందామన్నా మనిషి లేడు.

"నాకూ చెప్పలే సూడు, ముండాకొడుకు" అని ఆంటీ ముక్కు చీదింది. ఏడుస్తూనే లేచి వెళ్ళి చీరల బీరువా తెరిచి లెక్కపెట్టింది. పదిహేను. తుపాకులు పద్నాలుగు. ఆ చివరి చీర మడత విప్పలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఈ తుపాకులు ఎక్కడికీ పోవొద్దు" అంది. "నేనే లైసెన్సు తీసుకుంట."

అప్పటిదాకా తుపాకులు నా దగ్గరే ఉన్నాయి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి కళ్ళద్దాలు పెట్టుకుని, సేఫ్టీ పుస్తకం గల్లా మీద పెట్టి బట్టీ పట్టింది. మొదటిసారి తప్పింది. రెండోసారి గట్టెక్కింది. ఇంటర్వ్యూకి పోలీసు డిపార్ట్‌మెంటు ఆఫీసరు ఇంటికొస్తే, మనిషి మంచిదని చెప్పడానికి నన్నూ కూర్చోబెట్టింది. ఎన్ని తుపాకులు ఉంచుకోవాలనుకుంటున్నారని ఆఫీసరు అడిగాడు.

ఆంటీ పట్టుచీర కొంగు సర్దుకుంది. "వన్ మోర్" అంది.

ఆఫీసరు నా వంక చూశాడు. నేను కిటికీలోంచి వీధి చూశాను.

లైసెన్సు వచ్చి ఏడాది దాటింది. మొన్న ఆంటీ ఫోన్ చేసింది.

"రాఘవ్, ఆదివారం కారు తియ్యి. పాపటోయిటోయి పోవాలె."

"ఏం పని ఆంటీ?"

"చీర కొనాలె."

కొట్లో ఎవరో ఏదో కొనడం మానేశారన్నమాట. "ఎన్ని?" అన్నాను.

"ఒక్కటేరా. ఇదే ఆఖరిది."