విన్నది విన్నట్టు

2008లో కంచరపాలెం రైల్వే గేటు దగ్గర దేవీప్రసాద్ నెట్ సెంటర్ నడిపేవాడు. రోజూ అక్కడికొచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, లోకం మరిచి కూర్చునేది నాగశ్రీ. డిగ్రీ చదివిన పిల్ల అంతసేపు ఏం వింటోందా అని వచ్చినవాళ్ళంతా ఆరా తీసేవారు. సినిమా పాటలు కావు. మన మాట కంప్యూటరుకు అర్థమయ్యేలా చెయ్యాలని ఎక్కడో పరిశోధకులు తంటాలు పడుతున్నారు. వాళ్ళు రికార్డు చేసి పంపిన గొంతును ఒకరికొకరు తెలియని ముగ్గురు విని, విన్నది విన్నట్టు టైపు చెయ్యాలి. ఏ ఇద్దరిది కలిస్తే అదే ఒప్పు. కలవనివాళ్ళది తప్పు. తప్పులు ఎక్కువైతే ఇక పని ఇవ్వరు.

మిగతా ఇద్దరూ ఎవరో, ఏ ఊళ్ళో కూర్చుని ఇదే గొంతు వింటున్నారో అని నాగశ్రీకి ఒకటే కుతూహలం. ఆ పనంటే ప్రాణం. అలాంటిది ఒకరోజు తెర మీద హెచ్చరిక కనపడింది. ఇంకొక్క తప్పు జరిగితే ఆమె ఖాతా మూసేస్తారట! తాజాగా తప్పుపట్టింది చేపలమ్మే ఆవిడ కేక దగ్గర. నాగశ్రీ ‘చేపలు’ అని రాసింది.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "సూడన్నయ్యా! సేపల్ని సేపలనక ఇంకేటంటారు?"

దేవీప్రసాద్ కూడా విన్నాడు. "సేపలనే అంటంది కదే. నువ్వు రాసింది రైటే."

పక్క సిస్టమ్ దగ్గర మోహనకృష్ణ పకపకా నవ్వాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి పోర్టులో పనిచేస్తున్న మనిషి. "ఆవిడా సేపలే అంటోంది, మీరిద్దరూ సేపలే అంటున్నారు. రాయడం మాత్రం చేపలని రాశావమ్మా!"

నాగశ్రీ మళ్ళీ విన్నది. మళ్ళీ విన్నది. అవును, ‘స’! ఇన్నేళ్ళుగా తన చెవి తనకు తెలియకుండానే మాటల్ని దిద్దుకుంటూ వచ్చిందన్నమాట. కోపం పోయి వింత పట్టుకుంది. ఇంకా ఎన్నింటిని దిద్దేసిందో!

తరవాతి గొంతు ఒక ముసలమ్మది. "నాను సెప్పినా ఇనడు."

నాగశ్రీ వేళ్ళు ఆగిపోయాయి. చిన్నప్పుడు పలక మీద ‘నేను’ బదులు ‘నాను’ అని రాసినందుకు మేష్టారు అరచెయ్యి వాయించేశారు. ఆ భయం ఇంకా పోలేదు. ఇదీ తప్పయితే ఇక పనే ఉండదు. అయినా విన్నది విన్నట్టే కొట్టేసింది.

మర్నాడు చూస్తే, ఆ వాక్యం పక్కన పచ్చటి టిక్కు. ముగ్గురి రాతా ఒక్కటే. ఆమెకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఏటే, పోయిందేటి పని?" అని కంగారుగా వచ్చాడు దేవీప్రసాద్.

"లేదన్నయ్యా. ఆ ఇద్దరూ ఎవలో గానీ... ఆళ్ళు కూడా ‘నాను’ అనే రాసేరు!"