డిక్కీ సీటు

గౌలిపురలో కైలాసం ఉండే గల్లీలోకి ఆటో వస్తే, ఎదురొచ్చే మనిషి ఏదో ఒక గడప ఎక్కి నిలబడాలి. అలాంటి గల్లీలో ఉంటూ ఏడు సీట్ల బండి కొన్నాడు మహానుభావుడు. అదీ మామూలు బండి కాదు, బురదలో దిగబడితే నాలుగు చక్రాలూ లాగే బండి. గౌలిపురలో అంత బురద ఎక్కడుందయ్యా అంటే జవాబు లేదు. జనం ఊరుకుంటారా? "ఎంతిస్తది?" అని మైలేజీ అడిగారు. "ఏడ పెడ్తవే?" అని అడిగారు. ఎవరి కోసం కొన్నావని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి జవాబు అతని నాలుక చివరే ఉండేది.

కైలాసం సర్కారు ఆఫీసులో జీపు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కాలువ గట్ల మీద, వానల్లో, రాళ్లల్లో పెద్ద సార్లను తిప్పాడు. నౌకరీ చేసినన్నాళ్లూ అద్దంలోకి చూస్తే వెనక ఎవరో ఒకరు కనపడేవారు. ఆ కనపడేవాళ్లు ఎప్పటికైనా తనవాళ్లయి ఉండాలన్నదే అతని ఆశ. భార్య పెళ్లైన కొత్తల్లోనే పోయింది, మళ్లీ చేసుకోలేదు. తమ్ముడు వైకుంఠం, మరదలు మాణిక్యమ్మ, వాళ్ల బిడ్డ స్రవ్య. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. అదే అతని సంసారం. మలక్‌పేటలో ఉండే చెల్లెలు శారదమ్మ, ఆమె మొగుడు రామ్‌చందర్ కలిస్తే ఆరుగురు. ఏడో సీటు స్రవ్యకు రాబోయే మొగుడిదని మనసులోనే రాసిపెట్టుకున్నాడు.

బండి సెకండ్ హ్యాండుదే. అయితేనేం, తుడిచిందే తుడిచి దాన్ని కొత్త పెండ్లికొడుకులా నిలబెట్టాడు. గల్లీలో పట్టదు కాబట్టి సంతోష్‌నగర్‌లో నసీరుద్దీన్ ప్లాటులో పెట్టుకున్నాడు. నసీరుద్దీన్ చిన్ననాటి దోస్తు. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం, నోటినిండా పాన్, మాటకు ముందు ఎకసెక్కం.

"ఏం తీస్కున్నవ్ భాయ్?"

"సెవెన్ సీటర్."

"ఇంత నౌకరీ చేసి, ఆఖరికి షేర్ ఆటో తీస్కున్నవా? ఏ రూటు, చార్మినార్ నుంచా?"

పాతబస్తీలో సెవెన్ సీటర్ అంటే పొగ కక్కుకుంటూ, పన్నెండు మందిని కుక్కుకుని పోయే పెద్ద ఆటోయే మరి. కైలాసం గాలి మొత్తం తీసేశాడు నసీరుద్దీన్. ఆ రోజు ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

మొదటి సవారీకి యాదగిరిగుట్ట అనుకున్నారు. పొద్దున్నే పులిహోర కట్టుకుని అందరూ ప్లాటుకు చేరారు. ఇక సీట్ల లొల్లి మొదలైంది. రామ్‌చందర్ ఇంటి అల్లుడు, ముందు సీటు అతనిదే. శారదమ్మ ఇంటి ఆడబిడ్డ, నడిమి సీటు. వైకుంఠానికి నడుం నొప్పి, అతనూ నడిమి సీటే. స్రవ్యకు వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుంది. మిగిలింది మాణిక్యమ్మ. కోడళ్లు ఎక్కడైనా ఆఖరునే కదా మిగిలేది. ఏ సీటెక్కాలో తెలియక ఆమె పులిహోర డబ్బా పట్టుకుని నిలబడింది. బయల్దేరే తొందరలో కైలాసం నోరు జారాడు.

"నువ్వు డిక్కీల కూసో మాణిక్యమ్మా. డబ్బా గూడ ఆడనే పెట్టుకో."

అతని భాషలో అందులో తప్పేమీ లేదు. ఆఫీసు జీపులో వెనక ఎదురెదురుగా ఉండే బల్లలను డ్రైవర్లందరూ డిక్కీ సీటు అనే అనేవారు. చప్రాసీలు, సర్వే గొలుసులు, సార్ల టిఫిన్ క్యారియర్లు అందులోనే వెళ్లేవి. మాణిక్యమ్మకు ఆ జీపు భాష ఏం తెలుసు? డిక్కీ అంటే సామాన్లు పెట్టేది. ముఖం మాడ్చుకుని ఎక్కింది. గుట్ట వెళ్లి తిరిగొచ్చేదాకా నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక విప్పింది.

"ఇన్నేండ్లు వండిపెట్టిన. డిక్కీల ఎక్కిచ్చిండు మీ అన్న నన్ను."

కైలాసం అయ్యో అనాల్సింది పోయి, గట్ల అనుకుంటే నేనేం చేయాలె అన్నాడు. వైకుంఠం భార్య వైపు మాట్లాడాడు. మాటకు మాట పెరిగింది. నెల తిరక్కుండా వాళ్లు సంతోష్‌నగర్‌లో కిరాయికి దిగారు. ఇంత పెద్ద షహర్‌లో ఇంకెక్కడా ఇల్లే దొరకనట్టు, సరిగ్గా బండి పెట్టిన ప్లాటుకు రెండు గల్లీల అవతలే దిగారు.

అప్పటినుంచి కైలాసం బతుకు ఎలా ఉందంటే, ఇల్లొక చోట, బండొక చోట, మనుషులొక చోట. పొద్దున ఒక్కడికీ ఇంత బియ్యం కడిగి కుక్కర్లో పడేస్తాడు. రెండు పూటలా అదే తింటాడు. ఇన్నాళ్లూ పచ్చడి కారమైందనో, కూరలో ఉప్పు తక్కువైందనో ఎవరో ఒకరు అంటుండేవారు. ఇప్పుడు ఉప్పు వేయడం మరిచిపోయినా అడిగే దిక్కు లేదు. టీవీ మాత్రం పెట్టే ఉంచుతాడు. చూడడానికి కాదు, ఇంట్లో మాట వినపడాలని.

వారానికోసారి ప్లాటుకు పోవాల్సిందే. నడపకపోతే బ్యాటరీ దిగిపోతుంది. ఎలుకలు వైర్లు కొరికేస్తాయి. ఎవరో చెప్తే బానెట్ కింద పొగాకు పొట్లాలు కట్టాడు, ఆ ఎలుకలకు పొగాకు కూడా అలవాటైనట్టుంది. బండి తీసి మలక్‌పేట దాకా వెళ్లి, రేసు కోర్సు గోడ చుట్టూ ఒక చక్కర్ కొట్టి తిరిగొస్తాడు. ఎటునుంచి పోయినా తమ్ముడి గల్లీ మొగ దగ్గర బండి తనంతట తానే నెమ్మదించేది. అందరి బండ్లూ ఊరికే అలా నెమ్మదిస్తాయా? ఒకసారి మాణిక్యమ్మ గేటు ముందు ముగ్గు వేస్తూ కనిపించింది. తలెత్తి బండిని చూసింది. మళ్లీ ముగ్గులోకి వంగింది. కైలాసం హారన్ మీద పెట్టిన చెయ్యి తీసేసి ముందుకు వెళ్లిపోయాడు.

ఇంకోసారి బియ్యం బస్తా కొని ముందు సీట్లో పెట్టాడు. బండి కుయ్ కుయ్‌మని గోల పెట్టింది. సీట్లో ఎవరో కూర్చున్నారట, బెల్టు పెట్టుకోలేదట. చుట్టూ చూసి, బస్తాకు బెల్టు పెట్టాడు కైలాసం. గోల ఆగింది. ఆ సంగతి నసీరుద్దీన్‌కు నవ్వుతూ చెప్పబోయాడు గానీ సగంలోనే ఆపి తాళంచెవి తుడుచుకుంటూ కూర్చున్నాడు. నసీరుద్దీన్ ఎకసెక్కం చేయకుండా చాయ్ తెప్పించాడు.

"బండి మంచిగనే ఉందా?" అని మాట మార్చాడు.

"మస్తుంది. గుంజుడు మంచిగుంది. ఒక్క సైరనే పరేషాన్. లాక్ చేసినంక ఈగ వాలినా మొత్తుకుంటది. గుట్ట కాడ పార్కింగ్‌ల గూడ గంతే, ఉత్తగనే మోగింది. మెకానిక్‌కు చూపెట్టాలె."

బండి గురించి ఎవరడిగినా ఈ సైరన్ ముచ్చట ఒకటి చెప్పేవాడు. రెండేళ్లుగా చెప్తూనే ఉన్నాడు.

ఇలా ఉండగా స్రవ్య లగ్గం కుదిరింది. కైలాసానికి ఆ కబురు చెల్లెలి నోట తెలిసింది. మలక్‌పేటలోనే ఫంక్షన్ హాలు. పెండ్లిపిల్లను హాలుకు తీసుకుపోవడానికి కారు కిరాయికి మాట్లాడుతున్నారని కూడా శారదమ్మే చెప్పింది. ఆ మాట విన్న రోజు అతను కుక్కరే పెట్టలేదు. స్రవ్యకు నడక నేర్పింది తను. బడికి సైకిలు మీద దింపింది తను. ఆ పిల్ల పెండ్లికి ఎవడో ముక్కూ మొగం తెలియనివాడి కారెక్కి పోవడమేంది? తను కొన్న బండి ఎలుకల కోసమా? ఆ పిల్ల తన బండిలో పోవాలి. అంతకు మించి అతనికి ఇంకేమీ అక్కర్లేదు. అది కూడా కాకపోతే ఇక వాళ్ల గడప తొక్కే దారి తనకు ఉండదని అతనికి తెలుసు.

తను పోవడానికి ముఖం చెల్లలేదు. నసీరుద్దీన్‌ను పంపాడు. నసీరుద్దీన్ తిరిగొచ్చి పాన్ నములుతూ ఎటో చూస్తూ కూర్చున్నాడు.

"ఏమన్నరు?"

"వైకుంఠం ఏమనలే. స్రవ్య ఏడ్సింది, పెదబాపు బండిల్నే పోత అని. మాణిక్యమ్మ అన్నది." ఆగాడు. "వద్దులే భాయ్, కోపంల అన్న మాట."

"చెప్పు."

"డిక్కీల మీ దోస్తు కూసుంటడా, అడుగన్నా. కూసుంటనంటే బండి తీస్కరమ్మను అన్నది."

దోస్తు ఆమెను తిడతాడేమోనని నసీరుద్దీన్ చూశాడు. కైలాసం తిట్టలేదు. కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు, స్టీరింగు పట్టి పట్టి కాయలు కాసిన చేతులు.

"కూసుంటనని చెప్పు."

లగ్గం రోజు బంతిపూల దండలు కట్టిన బండి వైకుంఠం గేటు ముందు నిలబడింది. కైలాసం తాళంచెవి రామ్‌చందర్ చేతిలో పెట్టాడు. చెల్లెలి మొగుడికి డ్రైవింగు వచ్చుగానీ గేరు మార్చినప్పుడల్లా బండిని ఏడిపిస్తాడు. ఆ సంగతి తెలిసీ ఏమీ అనలేదు. మాణిక్యమ్మ పట్టుచీరలో బయటికి వచ్చి, ఇంకా ఎవరూ ఎక్కకముందే వెనక సీట్లో కొబ్బరికాయల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న బావను చూసింది. కొంగు సర్దుకుంది. స్రవ్య మాత్రం "పెదబాపూ, గక్కడెందుకు కూసున్నవ్?" అంది. "నీ సామాన్లకు కావలి బిడ్డా" అన్నాడు. స్రవ్య, శారదమ్మ, మాణిక్యమ్మ నడిమి సీట్లో, వైకుంఠం ముందర కూర్చున్నారు. బండి కదిలింది.

నిజం చెప్పాలంటే ఆ బండి కొన్నాక కైలాసం ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. తుడిచాడు, కూర్చోలేదు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా తల పైకప్పుకు కొట్టుకుంటోంది. రోడ్డు కనపడదు. కనపడేవి మూడు తలల వెనక భాగాలు, జడలో మల్లెలు. ముందు ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు. ఏమన్నారో ఇతనికి వినపడలేదు. వినపడకపోయినా నవ్వాడు. అద్దంలోంచి ఎవరైనా తనవైపు చూస్తారేమోనని చూశాడు. రామ్‌చందర్‌కు అద్దం చూసే అలవాటు లేదు.

హాలు దగ్గర బ్యాండు మోగుతోంది. బండి ఆగీ ఆగకముందే పెండ్లిపిల్ల వచ్చిందని జనం మూగారు. స్రవ్యను చెయ్యి పట్టి దింపారు. హారతి పళ్లెం వచ్చింది. అందరూ దిగారు, తలుపులు దబదబ పడ్డాయి. బండి పక్కకు తీయమని ఎవరో అరిస్తే రామ్‌చందర్ దాన్ని గోడవారకు లాగి పెట్టి, దిగి, నడుస్తూనే వెనక్కి చూడకుండా రిమోట్ నొక్కాడు. కుయ్‌మని లాక్ పడింది.

"రామ్‌చందర్" అన్నాడు కైలాసం. బ్యాండు చప్పుడులో ఆ పిలుపు అతనికే సరిగా వినపడలేదు.

వెనక సీటుకు వేరే తలుపు లేదు. నడిమి సీటును ఎవరో బయటినుంచి మడిచి దారి ఇవ్వాలి. దాటి పోదామా అంటే మోకాళ్లు సహకరించవు. ఫోను చేయొచ్చు. చేసి ఏమనాలి? పెండ్లిపిల్ల పెదబాపును, బండిలో మరిచిపోయిన్రు అనాలా? కదిలితే సైరన్ మోగుతుంది. జనమంతా చూస్తారు. కొబ్బరికాయల సంచి కదలకుండా పట్టుకుని, ఊపిరి కూడా చిన్నగా తీసుకుంటూ కూర్చున్నాడు. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. మెడ మీద చెమట కారుతోంది. లోపల స్రవ్యను పీటల మీద కూర్చోబెడుతున్నట్టుంది, సన్నాయి మొదలైంది. ఎవరో ఒకరికి యాదికొస్తుంది అనుకున్నాడు. ఎవరూ రాలేదు. చాలా ఏడుపొచ్చింది అతనికి, ముసలితనంలో ఇదేం ఏడుపని సిగ్గు కూడా వేసింది.

కుయ్‌మంది. తలుపు తెరుచుకుంది. మాణిక్యమ్మ. చేతిలో తాళంచెవి. నడిమి సీటు పక్కనున్న పట్టీ ఎక్కడుందో వెతుక్కోకుండా గుంజింది, సీటు ముందుకు మడుచుకుంది.

"దిగు బావా."

అతను వెంటనే దిగలేకపోయాడు. కాళ్లు తిమ్మిరెక్కాయి.

"నేను బండిల ఉన్ననని ఎట్ల తెల్సింది?"

"ఆడ కూసున్నోళ్లు ఒక్కళ్లే దిగనీకి రాదు. నాకెర్కనే గద." కొబ్బరికాయల సంచి అందుకుంది. ఎండలో ఆమె ముఖం కూడా చెమటలు పట్టి ఉంది. "గుట్ట కాడ గూడ గిట్లనే తాళమేసి పోయిన్రు మీరందరు. యాదికొస్త, ఎవరన్న వస్తరని కదలకుండ కూసున్న. ఎవ్వరు రాలే. అప్పుడు అద్దం కొట్టిన. గప్పుడు మోగింది సైరన్."

కైలాసం సీటు అంచు పట్టుకున్నాడు.

"ఉరుక్కుంట వచ్చినవ్. నా కోసమే అనుకున్న. బండి ఖరాబైతది, గట్ల కొట్టొద్దన్నవ్."

అతనికి అప్పుడు గుర్తొచ్చింది. అన్నాడు. అచ్చం అలాగే అన్నాడు. తలుపు తీసి, ఆమె ముఖం చూడకుండా, అద్దం మీద గీత పడిందేమోనని చూశాడు. డిక్కీ అన్న మాట పట్టుకుని ఆమె అలిగిందని రెండేళ్లు అనుకున్నాడు. సైరన్ ఉత్తగనే మోగిందని ఊరందరికీ చెప్పుకున్నాడు.

"తప్పైంది మాణిక్యమ్మా."

ఆమె "నడువు. పెదబాపు ఏడి అని అడుగుతుంది పిల్ల" అని, సంచి చంకన పెట్టుకుని హాలువైపు నడిచింది.

కైలాసం మోకాళ్లు పట్టుకుని ఒక్కో కాలే కింద పెట్టాడు. తలుపు వేశాడు, తాళం ఆమె చేతిలోనే ఉంది. నాలుగడుగులు వేసి ఆమె ఆగింది. వెనక్కి తిరిగి, అతను దిగాడో లేదో చూసింది.